బురద మీద రెండు మాటలు

ఫ్రీస్లండ్ ఉత్తరాన, కరకట్ట మీద
గొర్రెల మధ్య నిలబడి ఉన్నాడు డౌవె.
ఎదురుగా సముద్రం లేదు.
రోజుకి రెండుసార్లు అది ఇల్లు ఖాళీ చేసి పోతుంది,
నేలంతా తడిగా, తుడవకుండా వదిలేసి.
అవతల పెన్సిల్ గీతంత ద్వీపం.
నడిస్తే నాలుగు గంటలు.
మూడు వేసవులుగా అతను నడవలేదు.

రిన్స్కే నడుస్తుంది.
చేతిలో తనకన్నా పొడుగు కర్ర,
వెనక ముక్కూమొహం తెలియని పద్నాలుగు మంది,
మోకాళ్ళ దాకా నల్లటి ఒండ్రు.
ముప్పై ఏళ్ళుగా ఇదే దారి,
అయినా కర్ర గుచ్చనిదే కాలు పెట్టదు.
"దారి రాదా నీకు?" అని ఒక కుర్రాడు నవ్వాడు.
"నిన్నటి దారి వచ్చు" అంది.

నిన్న మడమ లోతున్న పాయ
రాత్రికి రాత్రి పక్కకి ఒత్తిగిలి
ఇవాళ నడుము దాకా ఉండొచ్చు.
ఆమె సందేహం సరిగ్గా ఆ కర్రంత పొడుగు.
గుచ్చుతుంది, వింటుంది, కదులుతుంది.
తనకి తెలియదు గాని, మన భాషలో
ఆమె పనికంతా ఒక్క మాట చాలు:
అడుగు.
వేసేదీ అదే, కింద తగిలేదీ అదే,
నోరు తెరిచి చెయ్యాల్సిందీ అదే.

డౌవెకి కర్ర అక్కర్లేదు.
అతనికి అన్నీ తెలుసు.
ఆటు ఎన్నింటికో, పాయ ఎక్కడో,
ద్వీపంలో పడవల షెడ్డు వెనక నీలం తలుపు
తడితే ఎవరు తీస్తారో.
ఔక్యె రాసిన ఉత్తరంలో ప్రశ్నార్థకం ఒక్కటీ లేదు.
"ఉండిపోవడానికైతే రా. లేకపోతే వద్దు."
ఇక్కడ నలభై ఆవులు, వాటికి తండ్రి పెట్టిన పేర్లు.
అక్కడ ఆమె.

"ఏదో అనుమానంగా ఉంది" అంటాడు.
బూటు తాడు రెండోసారి ముడేస్తూ రిన్స్కే
తలెత్తకుండానే అంటుంది:
"నీకు అనుమానం ఎక్కడిది?
అదే ఉంటే ఈపాటికి బురదలో ఉండేవాడివి."

అతను మబ్బులు లెక్కపెడతాడు, గొర్రెలు లెక్కపెడతాడు,
మనవాళ్ళైతే మీనమేషాలనేవాళ్ళు.
ఈలోగా దూరంగా ఒక తళుకు.
తళుకు గీతవుతుంది, గీత చప్పుడవుతుంది,
నీళ్ళు ఇంటికి వచ్చేస్తాయి.
అప్పుడు చూడాలి అతని ముఖం,
పరీక్ష వాయిదా పడిన పిల్లాడి ముఖం.
"ఇవాళ్టికి ఇక కుదరదు" అని
ఎంత హాయిగా అంటాడో!
తన ఓటు సముద్రం చేత వేయించి
సైకిలెక్కి పాలు పితకడానికి పోతాడు.

ఒక ఆగస్టులో, ఆ పద్నాలుగు మందిలో నేనూ ఉన్నాను.
సగం దారిలో పొగమంచు లేచింది.
రిన్స్కే ఒకచోట కర్ర గుచ్చి, అక్కడే మళ్ళీ గుచ్చి,
"వెనక్కి" అంది.
డబ్బు కట్టినవాళ్ళు గొణిగారు, ఒకావిడ ఏడ్చింది,
ద్వీపం అదిగో అని ఎవరో మంచులోకి వేలు చూపించారు.
ఆమె అప్పటికే వెనుదిరిగి నడుస్తోంది,
కర్ర గుచ్చుతూ.
వచ్చిన దారి మీద కూడా సందేహమే ఆమెకి.

సందేహం, సందిగ్ధం
ఒక తల్లి పిల్లలే అంటుంది నిఘంటువు.
ధాతువు ఒకటే: పులమడం.
రెండింటికీ పుట్టు బురద.

ఇంతవరకే అయితే ఈ కవిత ఆమె పక్షం.
కానీ రిన్స్కే వంటగదిలో
పంచదార సీసా కింద ఒక కాగితం ఉంది.
వచ్చే ఏడాదికి లైసెన్సు పొడిగించాలా, వద్దా.
రెండు గళ్ళు, ఒక టిక్కు.
ఎడమ మోకాలి సంగతి ఆమెకి తెలుసు.
ఒండ్రు వాసన లేని జూన్ ఎలా ఉంటుందో తెలుసు.
గుచ్చి చూడడానికి ఏమీ లేదు.
ఆరు వారాలుగా సీసా ఎత్తుతుంది,
టీలో రెండు చెంచాలు వేసుకుంటుంది,
సీసా మళ్ళీ అక్కడే పెడుతుంది.
కాగితం మీద గుండ్రటి మరక.
ఒక గడి సగం మునిగింది.

కర్ర తలుపు పక్కన ఆనించి ఉంది.
దాని మీద ఇవాళ్టి నీటి గీత
ఇంకా ఆరలేదు.